నీలిమందు డబ్బు, అమెచ్యూర్ ఆట: సి.టి. స్టడ్ వెంట ఇంగ్లండ్‌లో

సోమవారం, ఓవల్

లండన్ మెట్రోలో నార్తర్న్ లైన్ ఎక్కి ఓవల్ స్టేషన్‌లో దిగితే గ్రౌండ్ నాలుగడుగుల దూరమే. స్లౌలో ఉండే మా అక్క కొడుకు నాతో వచ్చాడు. వాడికి క్రికెట్ పిచ్చి ఉంది కానీ అదంతా ఐపీఎల్ పిచ్చి. "మామయ్యా, ఈ సి.టి. స్టడ్ ఎవరు? పేరే వినలేదు" అన్నాడు. వినకపోవడంలో వింతేమీ లేదు. ఐదు టెస్టులు ఆడి, ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆట వదిలి వెళ్ళిపోయిన మనిషి ఆయన. నా దృష్టిలో మాత్రం విక్టోరియా రాణి కాలపు యూనివర్సిటీ క్రికెటర్లలో ఇంత లోతైన జీవితం మరొకరిది లేదు. ఈసారి లండన్ వచ్చినప్పుడు ఆయన తిరిగిన చోట్లన్నీ చూడాలని ముందే అనుకున్నాను.

టూర్ గైడ్ మమ్మల్ని పెవిలియన్ మెట్ల మీద నిలబెట్టాడు. ఈ పెవిలియన్ 1898 నాటిది. అంటే స్టడ్ ఆడిన రోజుల్లో ఇది లేదు. గోడ అవతల కనిపించే గ్యాస్ ట్యాంకు చట్రం మాత్రం అప్పటికే ఉంది. 1882 ఆగస్టు 28, 29 తేదీల్లో ఇక్కడ జరిగిన మ్యాచ్ వల్లే, ఇంగ్లండ్-ఆస్ట్రేలియా టెస్టు సిరీస్‌లకి వాడే 'యాషెస్' (బూడిద) అన్న మాట పుట్టింది.

ఆస్ట్రేలియా 63కే ఆలౌట్. ఇంగ్లండ్ 101. రెండో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా 122. ఇంగ్లండ్ గెలవాలంటే 85 పరుగులు చాలు. ఆ కాలపు మేటి ఆటగాడు డబ్ల్యు.జి. గ్రేస్ క్రీజులో ఉండగా రెండు వికెట్లకు 51 దాకా వచ్చారు. అక్కడి నుంచి ఆస్ట్రేలియా బౌలర్ స్పోఫోర్త్ విరుచుకుపడ్డాడు. మిగిలిన ఎనిమిది వికెట్లూ 26 పరుగుల్లో పడిపోయి 77కే కథ ముగిసింది. ఏడు పరుగుల తేడాతో ఓటమి. స్పోఫోర్త్‌కి మ్యాచ్‌లో 90 పరుగులకు 14 వికెట్లు.

ఇందులో స్టడ్ కథ వేరే ఉంది. ఆ సీజన్‌లో ఇదే ఆస్ట్రేలియా జట్టు మీద రెండు సెంచరీలు కొట్టినవాడు, తొలి ఇన్నింగ్స్‌లో స్పోఫోర్త్ బంతికి సున్నాకే బౌల్డ్ అయ్యాడు. రెండో ఇన్నింగ్స్‌లో కెప్టెన్ హార్న్‌బీ ఆయన్ని వెనక్కి, వెనక్కి జరిపి పదో నంబరుకి పంపాడు. చలికో, టెన్షన్‌కో, వంతు వచ్చేదాకా స్టడ్ దుప్పటి కప్పుకుని పెవిలియన్ చుట్టూ తిరిగాడని అప్పుడు చూసినవాళ్ళు చెప్పారు. చివరికి క్రీజులోకి వచ్చాడు గానీ ఒక్క బంతి కూడా ఎదుర్కోలేదు. అవతలి వైపు పదకొండో నంబరు టెడ్ పీట్ గుడ్డిగా బ్యాటు ఊపి బాయిల్ బంతికి బౌల్డ్ అయిపోయాడు. ఎందుకలా ఊపావని అడిగితే "మిస్టర్ స్టడ్ మీద నాకు నమ్మకం కుదరలేదు" అన్నాడని ప్రచారంలో ఉన్న కథ.

ఆ 'మిస్టర్' దగ్గర మా మేనల్లుడు ఆగాడు. "ఇద్దరూ ఒకే టీం కదా, మిస్టర్ ఏంటి?" అన్నాడు. పీట్ యార్క్‌షైర్‌కి చెందిన ప్రొఫెషనల్, ఆడి కూలి తీసుకునేవాడు. స్టడ్ అమెచ్యూర్, డబ్బు తీసుకోకుండా ఆడే పెద్దింటి కుర్రాడు. ఒకే జట్టులో ఉన్నా గదులు వేరు, గేట్లు వేరు, పిలుపులు వేరు. స్కోర్‌కార్డులో అమెచ్యూర్ పేరుకి మిస్టర్ చేరుస్తారు, లేదా ఇనీషియల్స్ ముందు వేస్తారు. ప్రొఫెషనల్‌కి ఇంటిపేరు ముందు, ఇనీషియల్స్ తర్వాత. చాలాకాలం తర్వాత, కుర్ర ప్రొఫెషనల్ ఫ్రెడ్ టిట్మస్ బ్యాటింగ్‌కి దిగుతుంటే లార్డ్స్‌లో మైకులో ప్రకటన చేశారు: స్కోర్‌కార్డులో ఎఫ్.జె. టిట్మస్ అని తప్పు పడింది, టిట్మస్ ఎఫ్.జె. అని చదువుకోవాలి అని. ఈ తేడాను 1962 చివర్లో గానీ తీసేయలేదు. మనుషుల్ని ఇలా వరసలు విడదీయడం మనవాళ్ళకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. కాబట్టి మేనల్లుడికి త్వరగానే అర్థమైంది.

మంగళవారం, లార్డ్స్

సెయింట్ జాన్స్ వుడ్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. లార్డ్స్ గ్రౌండ్ ఒక పక్క నుంచి మరో పక్కకి రెండున్నర మీటర్లు వాలుగా ఉంటుందని చదివాను గానీ, కంటితో చూస్తే తప్ప నమ్మలేం. సైట్‌స్క్రీన్ పక్కన నిలబడితే ఆ వాలు స్పష్టంగా తెలుస్తుంది.

నేను వచ్చింది మ్యూజియంలో ఉన్న చిట్టి మట్టి పాత్ర కోసం. ఎత్తు పట్టుమని పదకొండు సెంటీమీటర్లు. ఓవల్ ఓటమి తర్వాత స్పోర్టింగ్ టైమ్స్ పత్రిక, ఇంగ్లిష్ క్రికెట్ చనిపోయిందనీ, దహనం చేసి బూడిదను ఆస్ట్రేలియాకు పట్టుకుపోతారనీ ఒక వెటకారపు సంతాప ప్రకటన వేసింది. ఆ శీతాకాలమే ఐవో బ్లై కెప్టెన్‌గా ఒక జట్టు ఆస్ట్రేలియా బయల్దేరింది. అందులో స్టడ్, ఆయన అన్న జార్జ్ ఇద్దరూ ఉన్నారు. కొలంబో దాటాక వాళ్ళ పెషావర్ ఓడ మరో ఓడను ఢీకొంది. ఫాస్ట్ బౌలర్ మోర్లీకి పక్కటెముకలు దెబ్బతిన్నాయి. అయినా సిరీస్‌లో రెండు మ్యాచ్‌లు గెలిచి బ్లై ఈ పాత్రను బహుమతిగా పట్టుకొచ్చాడు. ఆయన పోయాక భార్య ఫ్లోరెన్స్ దీన్ని లార్డ్స్ సొంతదారైన క్రికెట్ క్లబ్ ఎం.సి.సి.కి ఇచ్చింది.

పాత్ర మీద అంటించిన కాగితంపై మెల్‌బోర్న్ పత్రికలో వచ్చిన ఆరు పాదాల పద్యం ఉంది. అద్దానికి దగ్గరగా ముఖం పెట్టి చదివితే రెండో పాదంలో స్టడ్ సోదరుల పేరు కనిపిస్తుంది. ఎన్నో ఏళ్ళుగా రెండు దేశాలు కొట్టుకు చస్తున్న పాత్ర మీద ఆయన పేరు అతికించి ఉంది. ఆయన మాత్రం రెండేళ్ళలో క్రికెట్‌నే వదిలేశాడు. నేను ఆ అద్దం ముందు చాలాసేపు ఉండిపోయాను. వెనక క్యూలో ఉన్నవాళ్ళు ఓపికగా ఆగారు, వాళ్ళకు నా కృతజ్ఞతలు.

బుధవారం

రోజంతా వాన. అక్క పెసరట్లు పోసింది. ఇంట్లోనే ఉన్నాం.

గురువారం, టిడ్‌వర్త్

ఈ యాత్రలో నేను అన్నిటికన్నా ఎక్కువగా చూడాలనుకున్న ఊరు ఇదే. వాటర్లూ నుంచి ఆండోవర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. పచ్చిక దిబ్బలు, మధ్య మధ్యలో ఆర్మీ బోర్డులు. టిడ్‌వర్త్ మిలిటరీ ఊరు. సాధారణంగా టూరిస్టులెవరూ దిగరు. బస్సు డ్రైవర్ "సరైన స్టాపేనా?" అని రెండుసార్లు అడిగాడు.

టెడ్‌వర్త్ హౌస్ స్టడ్ సోదరులు పెరిగిన భవనం. 1897లో దీన్ని సైన్యం తీసుకుంది. 2011 తర్వాత గాయపడిన సైనికులు కోలుకునే కేంద్రంగా మార్చారు. మనం బయటి నుంచే చూడాలి. తెల్లటి రాతి భవంతి, చుట్టూ పాత చెట్లు. తండ్రి ఎడ్వర్డ్ స్టడ్ ఇక్కడే పిల్లల కోసం సొంత క్రికెట్ గ్రౌండ్ వేయించాడు. గుర్రప్పందేల పిచ్చి ఎక్కువ. 1866లో ఆయన గుర్రం శాలమాండర్ గ్రాండ్ నేషనల్ పందెం గెలిచింది.

ఈ భవనం, గుర్రాలు, గ్రౌండ్, కొడుకులకి ఈటన్ చదువు... ఇంత డబ్బు ఎక్కడిది? మన దేశానిది. ఎడ్వర్డ్ స్టడ్ బీహార్‌లోని తిర్హుత్ ప్రాంతంలో నీలిమందు పండించి సంపాదించి వచ్చాడు.

నీలిమందు అంటే నాకు పుస్తకాల్లో చదివిన విషయం మాత్రమే కాదు. మాది కడప జిల్లా. మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందుకి పేరుపడ్డ జిల్లాల్లో మాదొకటి. నీలి చెట్లు కోసి, మోపులు కట్టి, తొట్లలో నానబెట్టి, ఆ నీళ్ళలో దిగి గంటల తరబడి కాళ్ళతో, కర్రలతో చిలికేవాళ్ళని మా తాత చెప్పేవాడు. అడుగున పేరుకున్న ముద్దను ఉడికించి, వడగట్టి, బిళ్ళలుగా కోసి ఆరబెడితే అదే నీలిమందు. తిర్హుత్‌లో దొరలు ఇంకో పద్ధతి పెట్టారు. రైతుకి ముందే అప్పు ఇచ్చి, తన పొలంలో ఇంత భాగం నీలి వేయాల్సిందేనని కట్టడి చేసేవాళ్ళు. అదే డివిజన్‌లోని చంపారన్‌లో ఇరవై కఠాల బిఘాలో మూడు కఠాలు నీలికే వదలాలి. దాని పేరే తీన్ కఠియా. 1917లో గాంధీజీ వెళ్ళింది దాని మీదే. మరుసటి ఏడాది చట్టం చేసి ఆ పద్ధతి తీసేశారు.

టెడ్‌వర్త్ హౌస్ ప్రహరీ పక్కన నిలబడి ఇవన్నీ తలుచుకుంటే కోపం రాలేదని అనను. డబ్బు తీసుకోకుండా ఆడటం గొప్ప విలువ అని ఆ కాలం వాళ్ళు పాఠాలు చెప్పారు. అలా ఊరికే ఆడగలిగే తీరిక కొనిపెట్టింది తిర్హుత్ పొలాలు. ఇది నేను కల్పించి అంటగడుతున్న లెక్క కాదు. ఈ లెక్క సి.టి. స్టడ్‌కి తెలుసు. అందుకే నాకు ఆయన మీద అంత ఆసక్తి.

1875లో అమెరికన్ క్రైస్తవ ప్రచారకుడు మూడీ లండన్ వచ్చినప్పుడు ఎడ్వర్డ్ స్టడ్ ఆ సభలకు వెళ్ళి పూర్తిగా మారిపోయాడు. పందెపు గుర్రాలు అమ్మేశాడు. ఈ ఇంటి హాల్లోనే ప్రార్థన సభలు పెట్టించాడు. రెండేళ్ళకే చనిపోయాడు. మరుసటి ఏడాది ఇంటికి వచ్చిన ఒక అతిథి, ముగ్గురు అన్నదమ్ములతో ఒకే రోజు విడివిడిగా మాట్లాడాడు. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు అదే దారి పట్టారు. సి.టి.తో ఆ మాటలు జరిగింది ఆయన క్రికెట్ ఆడటానికి బయల్దేరుతున్నప్పుడు. బహుశా నేను చూస్తున్న ఈ పచ్చిక వైపే. ముగ్గురూ ఈటన్‌లో చదివినవాళ్ళే, 1877లో ముగ్గురూ ఒకే స్కూలు జట్టుకి ఆడారు కూడా.

తిరుగు బస్సు గంటకి గానీ లేదు. స్టాపులో ఒక పెద్దాయన పలకరించి, ఎందుకొచ్చానో విని, "ఇక్కడ క్రికెటర్లుండేవారా!" అని ఆశ్చర్యపోయాడు.

శుక్రవారం, కేంబ్రిడ్జ్

కింగ్స్ క్రాస్ నుంచి గంటలోపే రైలు. మేనల్లుడు ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వచ్చాడు.

ట్రినిటీ కాలేజీ గ్రేట్ కోర్ట్‌లో పచ్చిక మీద అడుగు పెట్టనివ్వరు, అంచున నడవాలి. స్టడ్ చదివింది ఇక్కడే. పదేళ్ళ తర్వాత రంజిత్‌సిన్హ్‌జీ ఇదే కాలేజీ నుంచి 1893లో యూనివర్సిటీ జట్టులోకి వెళ్ళాడు.

తర్వాత ఫెన్నర్స్ గ్రౌండ్. చుట్టూ ఇళ్ళు, చిన్న గేటు. మ్యాచ్ లేదు. ఒక గ్రౌండ్స్‌మన్ రోలర్ నడుపుతున్నాడు. 1882 వేసవిలో ఇక్కడే కేంబ్రిడ్జ్ కుర్రాళ్ళు ఆస్ట్రేలియాని ఓడించారు. ముగ్గురు స్టడ్‌లూ ఆ జట్టులో ఉన్నారు, సి.టి. 118 కొట్టాడు. తర్వాత లార్డ్స్‌లో ఎం.సి.సి. తరఫున అదే జట్టు మీద 114. ఆ సీజన్‌లో వెయ్యి పరుగులు, వంద వికెట్లు. అప్పటిదాకా అలా చేసింది గ్రేస్ ఒక్కడే. మరుసటి ఏడాది స్టడ్ మళ్ళీ చేశాడు. జార్జ్ 1882లో, సి.టి. 1883లో, పెద్దవాడు కైనస్టన్ 1884లో కేంబ్రిడ్జ్ కెప్టెన్లు. ఒకే ఇంటి ముగ్గురు, వరసగా మూడేళ్ళు. మొత్తం ఫస్ట్ క్లాస్ ఆటలో సి.టి.వి నాలుగు వేలకు పైగా పరుగులు, నాలుగు వందలకు పైగా వికెట్లు.

అక్కడి నుంచి నడిచి పార్కర్స్ పీస్‌కి వెళ్ళాం. పెద్ద బహిరంగ మైదానం, మన జిల్లా కేంద్రాల్లో ఉండే మునిసిపల్ గ్రౌండ్ లాంటిది. పిల్లలు, సైకిళ్ళు, నాలుగు మూలలా నాలుగు ఆటలు. ఒక పక్క జాక్ హాబ్స్ పేరు పెట్టిన పెవిలియన్. హాబ్స్ పుట్టింది కేంబ్రిడ్జ్‌లోనే, 1882 డిసెంబర్‌లో, అంటే స్టడ్ ఆస్ట్రేలియాలో ఉన్నప్పుడు. తండ్రి ఒక కాలేజీలో గ్రౌండ్స్‌మన్. హాబ్స్ ఆట నేర్చింది ఈ మైదానంలో. ప్రొఫెషనల్‌గా అరవై వేలకు పైగా పరుగులు చేసి, 1953లో సర్ బిరుదు అందుకున్న మొదటి ప్రొఫెషనల్ క్రికెటర్ అయ్యాడు.

"మామయ్యా, అయితే నువ్వు హాబ్స్ గురించి రాయాలి గదా" అన్నాడు మేనల్లుడు. వాడి మాటలో న్యాయం ఉంది. ఆటగాడిగా హాబ్స్ చాలా పెద్దవాడు, పైకి వచ్చిన దారి కూడా కష్టమైనదే. కానీ నన్ను పట్టి లాగుతున్నది అన్నీ ముందే చేతికందిన మనిషి వాటిని ఏం చేశాడన్నది.

1883 చివర్లో జార్జ్‌కి ప్రాణం మీదికొచ్చింది. అన్న మంచం పక్కన కూర్చున్న రోజుల్లో సి.టి.కి పేరు, పొగడ్తలు ఎందుకూ కొరగానివిగా కనిపించాయి. జార్జ్ బతికాడు. కానీ తమ్ముడు మాత్రం క్రికెట్‌కి తిరిగి పూర్తి మనసుతో రాలేదు. 1884 చివరికల్లా మిషనరీగా చైనా వెళ్ళడానికి సిద్ధమయ్యాడు.

శనివారం, స్ట్రాండ్

లండన్ స్ట్రాండ్ రోడ్డులో స్ట్రాండ్ ప్యాలెస్ హోటల్ ఉన్నచోట ఒకప్పుడు ఎక్సెటర్ హాల్ ఉండేది. 1907లో కూల్చేశారు. 1885 ఫిబ్రవరి 4 రాత్రి ఆ హాలు కిక్కిరిసిపోయింది. చైనా వెళ్తున్న ఏడుగురు యువకుల వీడ్కోలు సభ అది. వాళ్ళకి 'కేంబ్రిడ్జ్ సెవెన్' అన్న పేరు వచ్చింది. మర్నాడు విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కారు, మార్చి 18న షాంఘైలో దిగారు. చైనా దుస్తులు, చైనా జడ, చైనా తిండి.

ఆ డిసెంబర్‌లో ఆయనకు ఇరవై అయిదేళ్ళు నిండాయి. తండ్రి ఆస్తిలో వాటా చేతికి రావాలి. అది సుమారు 29,000 పౌండ్లు. చోంగ్‌చింగ్‌లోని బ్రిటిష్ కాన్సుల్ ముందు సంతకం చేయాలి. మొత్తం ఇచ్చేస్తానంటే ఆ కాన్సుల్ మొదట ఒప్పుకోలేదు, ఆలోచించుకోమని రెండు వారాలు ఆపాడు. 1887 జనవరి 13న స్టడ్ చెక్కులు రాశాడు. అయిదు వేలు బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపే జార్జ్ ముల్లర్‌కి. అయిదు వేలు లండన్ పేదల మధ్య పనికి. అయిదు వేలు భారతదేశంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థను నడుపుతున్న బూత్ టక్కర్‌కి. ఇంకో అయిదు వేలు మూడీకి, తన తండ్రి సంపాదించిన తిర్హుత్‌లో ఏదైనా పని మొదలుపెట్టమని కోరుతూ.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన మర్చిపోలేదు. అక్కడికే పంపాలనుకున్నాడు. మూడీ తిర్హుత్‌లో ఏమీ మొదలుపెట్టలేకపోయాడు, ఆ సొమ్ము షికాగోలో బైబిల్ ఇన్‌స్టిట్యూట్‌కి పోయింది. తిర్హుత్ రైతులు పస్తులుండి పండించిన నీలి షికాగోలో ఇటుకలైంది. ఇచ్చిన మనిషి ఉద్దేశం మంచిదే అయినా, ఇది నాకు మింగుడు పడలేదు. సొమ్ము రైతుకి చేరాలని ఆయనకు తోచలేదు, మత ప్రచారానికి చేరాలని తోచింది. ఆ కాలపు, ఆ నమ్మకపు మనిషి. అయినా బూత్ టక్కర్‌కి ఇచ్చిన భాగమన్నా మన దేశానికి తిరిగొచ్చింది.

ఇంకా కొందరికి ఇచ్చాక మిగిలిన 3,400 పౌండ్లు 1888లో పెళ్ళాడిన ప్రిసిల్లా స్టీవర్ట్ చేతిలో పెట్టాడు. ఆమె వాటినీ ఉంచుకోకుండా ఇచ్చేద్దామంది. చైనాలో నల్లమందుకి బానిసలైనవాళ్ళను మాన్పించే కేంద్రం నడిపారు. నలుగురు ఆడపిల్లలు అక్కడే పుట్టారు. ఆరోగ్యాలు పాడై 1894లో తిరిగొచ్చారు.

1900లో స్టడ్ ఇండియా వచ్చాడు. మొదట తిర్హుత్‌కే వెళ్ళి ఆర్నెల్లు తోటల దొరల మధ్య ఉన్నాడు. తర్వాత ఊటీలో యూనియన్ చర్చి పాస్టర్‌గా 1906 దాకా. అప్పుడు ఊటీ మద్రాసు ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని. మా కడప, మీ గుంటూరు, విశాఖ అన్నీ ఆ ప్రెసిడెన్సీలోవే. ఊటీకి వెళ్ళి బొటానికల్ గార్డెన్, బోట్ హౌస్ చూసి వచ్చే మనలో ఎంతమందికి, యాషెస్ పాత్ర మీద పేరున్న క్రికెటర్ అక్కడ ఆరేళ్ళు ఉన్నాడని తెలుసు?

ఊటీ ఆ కుటుంబం ఒక్కచోట కుదురుగా ఉన్న కాలం. తర్వాత ఉబ్బసంతో, గుండె జబ్బుతో ఉన్న మనిషి డాక్టర్లు వద్దన్నా 1910లో ఆఫ్రికా బయల్దేరాడు. 1913లో కాంగో వెళ్ళి 1931 జులైలో ఇబాంబీలో చనిపోయేదాకా ఎక్కువ కాలం అక్కడే ఉన్నాడు. చివరి ఏళ్ళలో కఠినంగా తయారయ్యాడు. రోజుకి పద్దెనిమిది గంటల పని అందరి నుంచీ ఆశించాడు, నొప్పులకి మార్ఫిన్ వాడాడు, ఇంగ్లండ్‌లోని తన మిషన్ కమిటీతో గొడవలు పడ్డాడు, అల్లుడు ఆల్ఫ్రెడ్ బక్స్‌టన్‌తోనే తెగదెంపులు చేసుకున్నాడు. ప్రిసిల్లా ఇంగ్లండ్‌లో ఉండి, జబ్బు మంచం మీంచి లేచి మిషన్ ఆఫీసు నడిపింది. 1928లో ఒక్కసారి, రెండు వారాల పాటు కాంగోలో భర్తను చూసింది. మరుసటి ఏడాది స్పెయిన్‌లో చనిపోయింది.

ఆస్తి వదులుకోవడంలో ఆయన చేసింది నాకు ఎప్పటికీ గొప్పగానే కనిపిస్తుంది. భార్యను అన్నేళ్ళు ఒంటరిగా వదలడం మాత్రం నేను ఒప్పుకోలేను. ఆ ఏళ్ళలోనే అన్న కైనస్టన్ లండన్ లార్డ్ మేయర్ అయ్యాడు, 1930లో ఎం.సి.సి. అధ్యక్షుడయ్యాడు. ముగ్గురిలో ఆట ప్రపంచం గుర్తుపెట్టుకున్నది ఆయన్నే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: లార్డ్స్ టూర్ టికెట్ ముందే బుక్ చేసుకోండి, పెద్ద మ్యాచ్‌ల రోజుల్లో టూర్లు ఉండవు. కేంబ్రిడ్జ్ కాలేజీలు పరీక్షల కాలంలో సందర్శకులను రానివ్వకపోవచ్చు, ముందే చూసుకోండి. టిడ్‌వర్త్‌లో ఆర్మీ గేట్ల దగ్గర ఫొటోలు తీయకండి, తిరుగు బస్సు టైము రాసిపెట్టుకోండి. తిండి ఆండోవర్‌లోనే తినేయండి.